నాటు కుక్కకు టీకాలెందుకు అంటున్నారా? ముందు బాబును ఆస్పత్రికి తీసుకెళ్లండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి జీవకోన. చిత్తూరులో మా చిన్నాన్న వాళ్లింటి నుంచి యాభై రోజుల నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. వారమైంది. నల్లగా ఉంటాడని 'నల్లోడు' అని పిలుస్తున్నాం. పోయినేడాది కూడా అక్కడినుంచే ఒక పిల్లను తెస్తే పది రోజులు తిరక్కుండానే వాంతులు, రక్తవిరేచనాలతో చనిపోయింది. పిల్లలిద్దరూ అన్నం మానేసి ఏడ్చారు. ఈసారి టీకాలు వేయిద్దామంటే మా ఆయన "నాటు కుక్కకు అవన్నీ ఎందుకు, ఊళ్లో కుక్కలకు ఎవరు వేయించారు" అంటున్నాడు. తెలిసిన మెడికల్ షాపు అతను టీకా తెప్పించి ఇస్తాను, ఇంట్లోనే వేసుకోండి, సగం ఖర్చు తగ్గుతుంది అంటున్నాడు. ఇంట్లో పింకీ అనే పిల్లి కూడా ఉంది. నెల కిందట మూడు పిల్లల్ని పెట్టింది. దానికి ఇంతవరకు ఒక్క ఇంజెక్షన్ కూడా వేయించలేదు. వచ్చే జీతంలో ఈ రెండింటికీ ఏది తప్పనిసరో, ఏది అక్కర్లేదో చెప్పండి. అన్నట్టు, నాలుగు రోజుల కింద పిల్లి పిల్లను ఎత్తుకోబోతే పింకీ మా చిన్నోడి చేతిని గీరింది. కొంచెం రక్తం వచ్చింది. మా అత్తమ్మ పసుపు, సున్నం పెట్టింది. దానికేమైనా చేయాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిందే అన్నిటికంటే ముఖ్యం. కుక్కపిల్ల సంగతి రేపు చూసుకోవచ్చు. బాబును మాత్రం ఇది చదివిన వెంటనే రుయా ఆస్పత్రికి గానీ, దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి గానీ తీసుకెళ్లండి. గీరి ఎన్ని రోజులైందో, రక్తం వచ్చిందో లేదో, పిల్లికి టీకా లేదన్న సంగతీ అన్నీ చెప్పండి. రక్తం వచ్చేలా గీరితే రేబిస్ టీకాతో పాటు, వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునేలా గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా అవసరం కావచ్చు. అది అక్కడి డాక్టర్ నిర్ణయిస్తారు. నాలుగు రోజులు గడిచిపోయాయి, ఇక వెళ్లి ఏం లాభం అనుకోకండి. రేబిస్ విషయంలో ఆలస్యంగా వెళ్లినా వెళ్లడమే మేలు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడుస్తారని పెద్దవాళ్లు భయపెడుతుంటారు. అది పాతకాలపు మందు సంగతి. ఇప్పుడు భుజానికి వేస్తారు, నాలుగైదు విడతల్లో అయిపోతుంది. చెప్పిన తేదీలు తప్పకుండా వెళ్లడమే ముఖ్యం.

పసుపు, సున్నం, కారం, ఆకుపసరు వీటిలో ఏదీ పనిచేయదు. పైగా ఆ మంటకు గాయం ఇంకాస్త రేగుతుంది. కరిచినా, గీరినా వెంటనే చేయాల్సింది కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో పావుగంట కడగడం. రెండు చెంబులు కుమ్మరించడం కాదు, గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు. రేబిస్ వైరస్‌కు సబ్బు పడదు. ఈ సంగతి మీ అత్తమ్మకు కూడా చెప్పండి. ఆమె ప్రేమతోనే చేసింది, కాబట్టి తప్పు పట్టినట్టు కాకుండా చెప్పండి.

బాబును గీరిన రోజు నుంచి పది రోజులు పింకీని ఇంట్లోనే ఉంచి గమనించండి. మామూలుగా తింటూ, పిల్లలకు పాలిస్తూ ఉంటే మంచిదే. తిండి మానేయడం, ఊరికే మీదికి రావడం, చొంగ కార్చడం, వెనక కాళ్లు ఈడ్చడం లాంటిది ఏది కనిపించినా ముట్టుకోకుండా గదిలో పెట్టి పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయండి. పది రోజులు గడిచినా ఆరోగ్యంగానే ఉంటే, గీరిన రోజున దాని నోట్లో రేబిస్ లేదని అర్థం. అప్పుడు బాబుకు మిగిలిన డోసులు అవసరమా కాదా అన్నది ఆస్పత్రిలోనే చెబుతారు. అలాగని ఈ పది రోజులూ చూసి, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్దామనుకోవద్దు. మన దగ్గర ప్రాణాలు పోయేది ఇలా ఆగి చూసినప్పుడే. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. పింకీకి రేబిస్ టీకా కూడా ఈ పది రోజులు దాటాకే వేయించండి. మధ్యలో వేస్తే, అది నలతగా కనిపించినప్పుడు టీకా వల్లా, జబ్బు వల్లా అన్నది తేల్చుకోలేక టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఇక నల్లోడి సంగతి. మీ ఆయన అడిగిన ప్రశ్న నాకు వారంలో ఒకసారైనా వినిపిస్తుంది. వీధిలో గట్టిగా తిరుగుతున్న నాటు కుక్క ఒకటి మనకు కనిపిస్తుంది. దాంతో పాటు ఒకే ఈతలో పుట్టి, కాలువ గట్టునో పాడుబడ్డ గోడ పక్కనో చచ్చిపోయిన మిగతావి కనిపించవు. బతికినదాన్ని చూసి 'వీటికేమీ రాదు' అనుకుంటాం. నాటు కుక్కలకు మన ఎండ, మన తిండి బాగా పడతాయి, ఆ మాట నిజమే. కానీ రక్తవిరేచనాలు తెచ్చే పార్వోకి, నరాలను దెబ్బతీసే డిస్టెంపర్‌కి, రేబిస్‌కి జాతి తేడా లేదు. పోయినేడాది మీ ఇంట్లో పోయిన పిల్ల కూడా నాటుదే కదా.

ఆ పిల్లకు వచ్చింది చాలావరకు పార్వోనే అయి ఉంటుంది. వాంతులు, నెత్తురు కలిసిన విరేచనాలు, ఆ ముక్కు పగిలే వాసన, వచ్చిన పది రోజుల్లోపే పోవడం, అన్నీ దానికే సరిపోతాయి. వైరస్ ఒంట్లోకి వెళ్లిన మూడు నుంచి ఏడు రోజుల్లో జబ్బు బయటపడుతుంది. ఇందులో మీరు పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ వైరస్ చాలా మొండిది. నీడపట్టున, తడి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా బతికి ఉంటుంది. అంటే ఆ పిల్ల తిరిగిన పెరట్లోకే ఇప్పుడు నల్లోడిని వదులుతున్నారు. ఫినాయిల్ వేసి కడిగాం అంటారేమో, మామూలు ఫినాయిల్‌ను అది లెక్కచేయదు. బ్లీచ్ పనిచేస్తుంది. గచ్చును ముందు సబ్బు నీళ్లతో మురికి లేకుండా కడగండి. తర్వాత షాపుల్లో దొరికే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు ముప్ఫై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు అలాగే ఉంచి మళ్లీ మంచినీళ్లతో కడగండి. ఆ పది నిమిషాలూ పిల్లల్ని, కుక్కను, పిల్లిని లోపల పెట్టండి. మట్టి నేలకు బ్లీచ్ కొట్టి ప్రయోజనం లేదు. పెరట్లో ఎండ పడేలా చెత్త తీసేసి, టీకాలు పూర్తయ్యేదాకా నల్లోడిని టైల్స్ ఉన్న గదిలోనో మేడ మీదో ఉంచండి. పాత పిల్ల తిన్న గిన్నె, పడుకున్న గోనెపట్టా ఉంటే పారేయండి.

టీకా విషయానికొస్తే, ఒక్కసారి వేయించి ఊరుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత జబ్బు వస్తే 'టీకా వేయించినా వచ్చింది సార్' అంటారు. ఎందుకలా అవుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఇది తెలిస్తే తేదీలు మరిచిపోరు. తల్లి ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం మనం వేసే టీకాను కూడా అది పనిచేయనివ్వదు, బయటి వైరస్‌ను ఆపినట్టే టీకాలోని వైరస్‌నూ ఆపేస్తుంది. అది ఒక పిల్లలో ఆరు వారాలకే తగ్గిపోవచ్చు, ఇంకో పిల్లలో పద్నాలుగు వారాలదాకా ఉండొచ్చు. బయటినుంచి చూసి కనిపెట్టలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు వేసి, అక్కడినుంచి మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, పిల్లకు పదహారు వారాలు నిండాక ఆఖరి డోసు పడేలా చూస్తాం. ఎన్ని డోసులు పడ్డాయన్న దానికంటే ఆఖరిది పదహారు వారాలు దాటాక పడిందా లేదా అన్నదే ముఖ్యం. మీవాడికి ఇప్పుడు ఎనిమిది వారాలు. జ్వరం, విరేచనాలు లేకుండా చురుగ్గా ఉంటే ఈ వారంలోనే మొదలుపెట్టొచ్చు. రేబిస్ టీకా వేరు. అది మూడు నెలలు నిండాక వేస్తారు, తర్వాత బూస్టర్ ఎప్పుడో డాక్టర్ కార్డు మీద రాసిస్తారు. ఆఖరి డోసు పడి రెండు వారాలు గడిచేదాకా వీధిలో నడిపించకండి, పక్కింటి కుక్కతో ఆడనివ్వకండి.

ఒకే ఇంజెక్షన్‌లో కలిపి వేసే టీకాలకు సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్, ఇంకా ఎక్కువ అని పేర్లు వింటారు. అంకె పెద్దదైతే మంచిదనుకుని డబ్బులు పోసేయకండి. డిస్టెంపర్, పార్వో, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్, వీటితో పాటు ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంటే చాలు. మన దగ్గర వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి, ఎలుకలకు కొదవ లేదు, పైగా లెప్టో మనుషులకూ వస్తుంది, కాబట్టి అది ఉండాలి. కరోనా అని కుక్కలకు విడిగా ఒక టీకా అంటగడతారు, అది అక్కర్లేదు. మనకు వచ్చిన కోవిడ్‌కూ దానికీ సంబంధం లేదు. కెన్నెల్ కాఫ్ అనే అంటు దగ్గుకు వేసే టీకా, కుక్కల్ని హాస్టళ్లలో, బోర్డింగ్‌లో వదిలేవాళ్లకు. ఏడాది తర్వాత వేసే బూస్టర్ అయ్యాక పార్వో, డిస్టెంపర్‌లకు మూడేళ్లకోసారి వేసినా సరిపోతుంది. లెప్టో, రేబిస్ మాత్రం ఏటా వేయించండి.

మెడికల్ షాపు అతని మాట వినకండి. ఆయన మంచివాడే కావచ్చు. ఈ టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలోనే ఉండాలి, ఫ్యాక్టరీ నుంచి సూదిలోకి వచ్చేదాకా. మన ఎండకాలంలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చిన టీకా చూడటానికి బాగానే ఉంటుంది, లోపల పనైపోయి ఉంటుంది. అది వేశారో వేయలేదో కుక్కకు తెలియదు, మీకూ తెలియదు, జబ్బు వచ్చినప్పుడే తెలుస్తుంది. క్లినిక్‌లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరుండి చూడండి. ఫ్రిజ్‌లోంచి రెండు బుల్లి సీసాలు తీస్తారు. ఒకదాని అడుగున తెల్లగా చిన్న బిళ్లలా ఎండిన మందు ఉంటుంది, రెండోదాంట్లో ద్రవం. మీ ముందే ఆ ద్రవాన్ని బిళ్ల మీదికి ఎక్కించి కరిగించి వెంటనే వేస్తారు. సీసా మీది స్టిక్కర్ ఒలిచి మీ కార్డుకు అంటించి, తేదీ వేసి సంతకం పెడతారు. ఆ స్టిక్కర్ మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. స్టిక్కర్ లేని కార్డు, ముందే కలిపి పెట్టిన సూది, ఈ రెండూ ఒప్పుకోకండి. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఎప్పుడో ఒక పిల్లకు మొహం ఉబ్బడం, దద్దుర్లు రావడం జరుగుతుంది. అప్పుడు డాక్టర్ పక్కనే ఉండాలి, మీరు ఆటోలో కాదు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, మీరు తిరుపతిలో ఉండటమే ఒక అదృష్టం. 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల మీ ఊళ్లోనే ఉంది, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. దాని బోధనాసుపత్రిలో కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తారు. విద్యార్థులు చుట్టూ చేరి ప్రశ్నలడుగుతుంటారు, కొంచెం ఓపిక పట్టాలి, కానీ అంతమంది కళ్లు ఒక జంతువును పరిశీలించడం ప్రైవేటు క్లినిక్‌లో దొరకదు. చిత్తూరులో మీ చిన్నాన్న వాళ్లకు ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. అక్కడి తల్లికుక్కకు కూడా టీకాలు వేయించమని చెప్పండి. ఏటా ఆ ఇంటినుంచి పిల్లలు బయటికి వెళ్తున్నాయి కాబట్టి అసలు పని అక్కడ మొదలుకావాలి. ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం పేరిట ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు అది. ఆ తేదీ దగ్గర్లో ఉంటే వాడుకోండి. దూరంగా ఉంటే దానికోసం ఆగకండి.

నులిపురుగుల మందు టీకా కంటే చవక, చాలామంది మరిచిపోయేది కూడా అదే. ఈ వయసు పిల్లకు రెండు వారాలకోసారి మూడు నెలల వరకు, తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి వేయాలి. బరువు తూచి వేయాలి, అందాజాగా కాదు. ఇది నల్లోడి కోసమే కాదు. వాడి మలంలోంచి పురుగుల గుడ్లు మట్టిలో చేరతాయి, ఆ మట్టిలో మీ పిల్లలు ఆడతారు. పింకీకీ, దాని పిల్లలకూ కూడా ఇదే వర్తిస్తుంది.

గోమార్ల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మన ఎండలకు అవి ఏడాది పొడుగునా ఉంటాయి. నా దగ్గరికి జ్వరం, నీరసం, ముక్కులోంచి నెత్తురు అని వచ్చే కుక్కల్లో చాలావాటికి కారణం గోమార్లు రక్తంలోకి ఎక్కించే ఎర్లీకియా, బబీసియా అనే క్రిములే. కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో, కుక్కను కట్టేసే చోట ఉంటాయి. ఒక ఆడ గోమారి కిందకు రాలి వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. వారానికోసారి నల్లోడిని ఒళ్లో పడుకోబెట్టుకుని చెవి మడతల్లో, కాలివేళ్ల మధ్య, మెడ కింద వేలితో తడిమి చూడండి. దొరికితే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగండి, సబ్బు నీళ్లలో వేయండి. గోళ్లతో నలపకండి, కిరసనాయిల్ పోయకండి. నెలకో, మూడు నెలలకో ఒకటి మింగించే మాత్రలు వచ్చాయి, బాగా పనిచేస్తాయి. ఏ వయసు నుంచి ఏది ఇవ్వాలో డాక్టర్ చెబుతారు. మన జిల్లాల్లో ఆవులున్న ఇళ్లలో, పశువుల గోమార్లకు వాడే బ్యూటాక్స్ మందు సీసా తప్పకుండా ఉంటుంది. దాన్ని అందాజాగా కలిపి కుక్కపిల్లకు పూసేస్తుంటారు. పిల్లకు అది ప్రమాదం. పిల్లికైతే ఆ జాతి మందులు ప్రాణాంతకం. మందు పూసిన కుక్కను పిల్లి నాకినా, ఒరుసుకుని పడుకున్నా వణుకు, ఫిట్స్ రావొచ్చు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పిల్లికి జ్వరం అనిపిస్తే పారాసిటమాల్ ఇవ్వకండి, పిల్లల సిరప్ చుక్కలు కూడా వద్దు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్రే చంపేస్తుంది. కుక్కకు నొప్పి అని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ కూడా ఇవ్వొద్దు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పే మాట ఒకటుంది, నవ్వకండి. కొండకు వెళ్లొచ్చిన వాళ్లు తెచ్చిన లడ్డూ కుక్కకు ఒక ముక్క పెట్టడం మన ఇళ్లలో మామూలు. లడ్డూలోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దానికి కారణమని పరిశోధకులు భావిస్తున్నారు, అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది. కాబట్టి పులిహోర కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ సరేసరి. దేవుడి ప్రసాదం కాదనలేక పెట్టాం అంటారు. మీరు తినండి, వాడికి గుడ్డు ఉడకబెట్టి పెట్టండి. నల్లోడికి అన్నంలో కొంచెం చికెన్, గుడ్డు, పెరుగు, మెత్తగా పిసికిన సంగటి సరిపోతాయి. ఆవుపాలు పోస్తే కొన్ని పిల్లలకు విరేచనాలవుతాయి, అవి చూసి మీరు పార్వో అని హడలిపోతారు.

పింకీకి పెరుగన్నం మాత్రమే పెట్టే ఇల్లు అయితే అది చాలదు. పిల్లికి మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం తప్పనిసరి. అది లేకపోతే కొన్నాళ్లకు చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. మీరు శాకాహారులైతే పిల్లుల కోసం అమ్మే రెడీమేడ్ తిండి కొంచెం కొనండి. టానిక్కులు, కాల్షియం సీసాలు, ఖరీదైన షాంపూల మీద పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

పింకీ పిల్లలకు ఎనిమిది వారాలు రాగానే పిల్లులకు మూడు జబ్బులకు కలిపి వేసే టీకా మొదలుపెట్టి, కుక్కపిల్లకు చెప్పినట్టే పదహారు వారాలు దాటేదాకా వేయించాలి. రేబిస్ మూడు నెలలకు. పింకీకి రెండు టీకాలూ వేయించి, పిల్లలు పాలు మానిన రెండు వారాలకు, మళ్లీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. పిల్లి పాలిస్తూ ఉండగానే మళ్లీ ఎదకు వచ్చి చూలు కడుతుంది. దాని పిల్లలు కూడా నాలుగైదు నెలలకే ఎదకొస్తాయి. ఆలస్యం చేస్తే వచ్చే ఉగాదికి మీ ఇంట్లో ఎన్ని పిల్లులుంటాయో మీరే లెక్కేసుకోండి. ఆపరేషన్ అయ్యేదాకా పింకీని బయటికి వదలకండి. నల్లోడికి ఆరు నెలలు దాటాక ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఊరి మీద తిరిగి, కరుచుకుని, జననాంగాల మీద కంతులు తెచ్చుకునే కుక్కలను చాలానే చూస్తుంటాం.

జీవకోన అన్నారు కాబట్టి ఇంకో చిన్న మాట. కొండ పక్కనే ఉన్నారు, చిరుతలు దిగే ప్రాంతం. పెద్దయ్యాక కూడా నల్లోడిని రాత్రిపూట బయట గొలుసుకు కట్టేయకండి. కట్టేసిన కుక్కకు పారిపోయే దారి కూడా ఉండదు.

నల్లోడు వరసగా రెండు పూటలు తినకపోయినా, వాంతులూ విరేచనాలూ కలిసి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో గులాబీ రంగుకు రాకపోతే, లేదా చిగుళ్లు ముందే పాలిపోయి ఉంటే వెంటనే బయల్దేరండి. పార్వోకు నేరుగా చంపే మందు లేదు గానీ, సెలైన్ త్వరగా ఎక్కితే చాలా పిల్లలు బతుకుతాయి.

మొదటిసారి వెళ్లేటప్పుడు నల్లోడి మలం చిన్న డబ్బాలో కొంచెం పట్టుకెళ్లండి, పురుగుల పరీక్షకు పనికొస్తుంది. పింకీని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కకండి. హారన్ మోతకు చించుకుని దూకేస్తుంది. మూత బిగించే ప్లాస్టిక్ బుట్టలో పాత చీర వేసి, దాంట్లో కూర్చోబెట్టి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి. కుక్కలున్న వరసలో కాకుండా దూరంగా కూర్చుని, మీ వంతు వచ్చినప్పుడే బుట్ట తెరవండి.